తన చావులపై కట్టమ్మ అభిప్రాయం

కొత్తవాడ, వరంగల్
18 జనవరి 2025

ప్రియ సహోదరి కట్టమ్మక్కకు,

నీ తమ్ముడు సారంగపాణి నమస్కరించి వ్రాయునది. మీ ఊరి యాకయ్యతో పంపిన మూట ఈపాటికి అందే ఉంటుంది. అది నా నవల. పేరు 'అశ్రుసింధు సోపానాలు'. నాలుగు వందల పన్నెండు పుటలు. ముప్పై ఏళ్ల తపస్సు. లోకంలో దీనికి ఇదొక్కటే ప్రతి. కనుక పొయ్యికీ మేకకూ దూరంగా ఉంచగలవు.

ఈ ఉగాదికి ఆవిష్కరణ. మా సాహితీ సమితి అధ్యక్షులు కిషన్ రావు గారు హాలు కూడా మాట్లాడారు. ఇప్పటికి నలభై మందికి అక్కడక్కడా చదివి వినిపించాను. నలభై మందీ 'మస్తుంది' అన్నారు. కిషన్ రావు గారైతే నేను సంచి విప్పకముందే 'మహాద్భుతం' అనేశారు. అనుమానం అక్కడే పుట్టింది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి నన్ను ఒక్క మాటైనా మెచ్చుకోని మనిషి ఈ భూమ్మీద నువ్వొక్కతెవే. నీ మాట మీదే నాకు నమ్మకం.

నేను రచయితనా, కాదా? చేనేత సంఘంలో నేల మీద పరిచే దరీలకు పువ్వులూ నెమళ్లూ గీసి రిటైరైన మనిషినేనా, నాలో ఇంకేమైనా ఉందా? అరవై రెండేళ్లొచ్చాయి, ఇదొక్కటి తేలాలి. నువ్వు సరేనంటేనే ప్రెస్సుకు ఇస్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఫోన్ మాత్రం చేయకు. గొంతు వింటే మనిషికి మొహమాటం పుడుతుంది. ఉత్తరమే రాయి. పుటలకు అంకెలు వేయలేదు, భావప్రవాహానికి అంకెలు అడ్డం. అందుకని కట్టిన దారం విప్పకు.

నీ తమ్ముడు,
సారంగపాణి


నెక్కొండ
2 ఫిబ్రవరి

తమ్మి సారంగానికి,

మంచిగున్నవా? మేం మంచిగనే ఉన్నం. కూలికి మహిపాల్ కల్లంల మిరపకాయ ఏరుతానం. తాలు కాయ ఒక దిక్కు, మంచి కాయ ఒక దిక్కు. పగటీలి బువ్వ తిన్నంక నీ బుక్కు నేను సదువుతాంటె నాతోని ఏరేటోళ్లు మొగిలమ్మ, రాజేశ్వరి, అందరు ఇంటాన్రు.

ఉన్నది ఉన్నట్టు చెప్పుమన్నవ్. చెప్తాన ఇను. మస్తుంది తమ్మీ. ఒట్టు, నేను గింత మంచిగుంటదనుకోలే.

గా కథల మనిషి అచ్చం నీ లెక్కనే సంఘంల పనిచేస్తడు. రోజు లేటుగ పోతడు. పోయి మేనేజరుకు కాయితం రాస్తడు. సైకిల్ మీద కోతి కూసున్నదట, దిగుమంటె దిగలేదట, దాన్ని అది చెప్పినకాడ దింపొచ్చేసరికి లేటయ్యిందట. ఇంకొక రోజు దరీ మీద నెమలికి ఒక్కటే కాలు గీసిండు. ఏందయ్యా అంటె, అయ్యా ఇది నిలవడ్డ నెమలి కాదు, నిద్రవోయిన నెమలి, రెండో కాలు కడుపుల వెట్టుకున్నది అని రాసిండు. మొగిలమ్మ నవ్వి నవ్వి మిరపకాయ చేత్తోని కండ్లు తుడుసుకున్నది. ఇగ సూడు దాని తిప్పలు.

గా మేనేజరు ఒక్క కాయితానికి గూడ జవాబియ్యకపాయె. ఇస్తడేమో ఇస్తడేమో అని సూస్తనే ఉన్నం.

ఇగ కథల అక్క సచ్చిపోయినకాడ అందరం ఏడ్చినం. దానికి నా పేరు వెట్టినవ్, నాకు జర సిగ్గయ్యింది. కని తమ్మీ, గామె సచ్చినంక మళ్ల సచ్చింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు సచ్చింది. మొగిలమ్మేమో గాయనకు నలుగురు అక్కలు, అందరి పేరు కట్టమ్మే అంటది. గట్లుంటదా? జర సమజ్ చెయ్యి.

నడిమిట్ల కాయితాల మీద వట్టి గడులే ఉన్నయి. అవ్వి సదవరాలే.

మీ అక్క,
కట్టమ్మ


కొత్తవాడ, వరంగల్
9 ఫిబ్రవరి

అక్కా!

నా నవలలో కోతి లేదు!

నా నవలలో ప్రణవేంద్ర ఉన్నాడు. అతను ఊటీలో ఒక పాలరాతి మేడలో పియానో వాయిస్తాడు. హిమబిందు ఉంది. ఆమె కిటికీ దగ్గర నిలబడి వింటుంది. కోతి ఎక్కడి నుంచి వచ్చిందా అని రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాను. మూడోనాడు తట్టింది. నువ్వు కాగితం వెనక వైపు చదివావు!

సంఘంలో పాత గ్రాఫు కాగితాలు పారేస్తుంటే ఇంటికి తెచ్చుకుని, వాటి వెనక నవల రాసుకున్నాను. వాటిలో కొన్నింటి మీద నేను భానుచందర్ గారికి, అంటే మా మేనేజరు గారికి, రాసిచ్చిన సంజాయిషీల చిత్తులు ఉన్నాయి. లేటుగా వస్తే రాయాలి, నెమలికి కాలు తగ్గితే రాయాలి, సెలవు కావాలన్నా రాయాలి. అవి సాహిత్యం కాదు, నౌకరీ బాధలు. సిరా అంటకుండా నవలను బోర్లా పెట్టి కట్టాను చూడు, అదే నేను చేసిన పాపం.

దయచేసి కాగితాలు తిప్పి చదువు. అక్షరాలు కొంచెం అలంకారంగా ఉంటాయి. ఓపిక పట్టు. వెనక ఉన్నదంతా మరిచిపో. మిగతా సందేహాలు అప్రస్తుతం.

ఉగాదికి ఇంకా యాభై రోజులే.

సారంగపాణి


నెక్కొండ
20 ఫిబ్రవరి

తమ్మీ,

తిప్పి సదివినం. అందరం కలిసి సదివినం. మహిపాల్ రెండుసార్లు వచ్చి పని బందుపెట్టి ఏం జేస్తాన్రని లొల్లి చేసిండు. మొగిలమ్మ ఆయనను గూడ కూసొవెట్టి నాలుగు పేజీలు ఇనిపించింది. ఇగ మళ్ల గా దిక్కు రాలే.

ఉన్నది ఉన్నట్టు చెప్తాన, కోపం తెచ్చుకోకు.

హిమబిందు నూట పదారుసార్లు ఏడ్చింది. ఒక్కసారన్న ముక్కు చీదలే. ఏడ్సిన మనిషి చీదదా? గామె బువ్వ తినక ఎన్ని రోజులాయె? రాజేశ్వరి మొదటి సంది అదే మనాది వెట్టుకున్నది, పిల్లకు ఎవరన్న ఇంత తినవెట్టున్రి అని. ఇగ గా ప్రణవేంద్రకు పని లేదా పాట లేదా? పియానో వాయించుడు, మబ్బులు సూసుడు. మొగిలమ్మ అంటది, వాన్ని నాలుగు రోజులు మా కల్లంల కూసోవెడితె ఏడుపెందుకొస్తదో వానికే ఎర్కయితదని. ఊటీల నీకెవరున్నరు తమ్మీ? నువ్వెన్నడు పోయినవ్?

చపాట కాయ ఎర్కే గదా. సూస్తె ఎర్రగ నిగనిగలాడుతది. కొరికితె కారముండది. నీ నవల గట్లున్నది.

సంచి మీది కాయ సూసి మేమెన్నడు రకం చెప్పం. నడిమిట్ల చెయ్యి వెట్టి పిడికెడు తీసి సూస్తం. నీ బుక్కు గూడ గట్లనే సూసినం. అందుకనే దారం విప్పక తప్పలే. ఏరి మూడు కుప్పలు పోసినం. ఒకటో రకం ముప్పై ఒక్క కాయితాలు. అన్ని నీ ఎనుక దిక్కువే. రెండో రకం ఒకటే కాయితం, ప్రణవేంద్ర మెట్ల మీద జారిపడ్డది. అది మంచిగుంది. కడమ మూడు వందల ఎనభై తాలు. కుప్పకొక సంచి లెక్క మూడు సంచులల్ల పోసి, మూతి కుట్టి, యాకయ్యకిచ్చి పంపిస్తాన.

నలుగురు అక్కల సంగతి అడిగితె అప్రస్తుతం అంటివి. ఎందుకన్నవ్?

మీ అక్క


కొత్తవాడ
27 ఫిబ్రవరి

దారం విప్పావా! దారం విప్పొద్దని రాశానా లేదా?

మూడు సంచులు వచ్చాయి. ఇప్పుడు ఏ పుట ముందో ఏ పుట వెనకో రాసిన నాకే తెలియడం లేదు. నిన్నంతా నేల మీద పరుచుకుని కూర్చున్నాను. హిమబిందు పెళ్లికి ముందే చితి మీద ఉంది. చితి తరువాత బడికి వెళుతోంది. ప్రణవేంద్ర ఒక్కో పుటలో ఒక్కో వయసులో తగులుతున్నాడు. ముప్పై ఏళ్లు పట్టిన పని, కాయ ఏరినట్టు ఏరి పారేశారు.

పైగా ప్రతి కాగితానికీ మీ మిరప దుమ్ము. తుమ్మి తుమ్మి నా పక్కటెముకలు నొస్తున్నాయి. కిషన్ రావు గారు ముందుమాట రాయడానికి ఒక పుట అడిగి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కన్నీళ్లు ధారలు కట్టాయి. "మహాద్భుతం! ఏడిపించావయ్యా!" అన్నారు. నా రచన చదివి ఒక మనిషి మొట్టమొదటిసారి ఏడ్చాడు, అదీ మీ కారానికి.

నిన్ను అడగడం నాదే తప్పు. చదువుకున్నవాళ్లకు ఇవ్వాల్సింది. ఇక నాకు అక్క లేదు.

సారంగపాణి


నెక్కొండ
6 మార్చి

సారంగం,

నీకు అక్క లేదా? ఎన్నోసారి లేకుంట పోవుడురా ఇది? ఐదోసారి.

కథ అనుకున్నప్పుడు నాకేమనిపియ్యలే. అవి మేనేజరుకు నిజంగ రాసిన కాయితాలని నువ్వే రాసినవ్ గద. అప్పటి సంది నాకు బువ్వ పోతలేదు. నీ సెలవు కోసం నన్ను నాలుగుసార్లు సంపుకున్నవ్. నేనిక్కడ బతికి ఉండి మిరపకాయ ఏరుకుంట, నా తమ్ముడు నౌకరి జేస్తాండు, దరీల మీద నెమళ్లు గీస్తాండు అని పదిమందికి చెప్పుకుంటాన. నువ్వక్కడ నన్ను పాడె ఎక్కిస్తానవ్!

కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఇగ మొగిలమ్మ చూడు, నేను ముంగట బతికి కూసుంటె నా మొకం సూసుకుంట ఏడుస్తది. ఏందే అంటె "ఏమో వదినా, గా పిల్లగాడు మస్తు రాసిండు" అంటది.

గది గూడ చెప్తాన. ఉన్నది ఉన్నట్టు చెప్పుమంటివి గద. 1993 కాయితం నాకు కంఠతా వచ్చేసింది.

"అయ్యా, మా అక్క కట్టమ్మ నిన్న సాయంత్రం చనిపోయింది. మూడు రోజుల జ్వరం. మా అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు. అన్నం కలిపి ముద్దలు పెట్టింది అక్కే. చివర్లో నన్ను గుర్తుపట్టలేదు. అన్నం గిన్నె మీద మూత పెట్టారా అని మాత్రం అడిగింది. పెట్టామని చెప్పాం. పెట్టలేదు. మూడు రోజులు సెలవు కోరుతున్నాను."

హిమబిందు అరవై పేజీలు సచ్చింది. ఒక్కలకు కన్ను తడువలే. నన్ను గిన్ని మాటలల్ల సంపితివి, కల్లమంత ఏడ్చింది. నేను సచ్చేటప్పుడు గదే అడుగుతరా. నీకెట్ల ఎర్కైంది?

కడమయ్యి మంచిగ లెవ్వు. 1998ల నాకు మొగడే లేడు, మీ బావను మర్చిపోయినవ్. మనిషి ఏడుస్త నిలవడాలె గద దర్వాజల? 2004ల పామును తెచ్చినవ్. పాము ఒక్కసారి కరుస్తది, ఏడుసార్లు ఎందుకు కరుస్తది, దానికేం పగ? నాకు పామంటె భయమని ఎర్కే ఉండి గూడ తెస్తివి. 2010ది వట్టిగ మొదటిదాన్నే చూసి రాసినవ్. అప్పటికి నా మీద నీకు మనసు తగ్గిందా, పని మీదనా?

ఒక్కటి చెప్పు. గా మూడేసి రోజులు సెలవు వెట్టి ఏడికి పోయినవ్? నిజం చెప్పు.

కట్టమ్మ


కొత్తవాడ, వరంగల్
14 మార్చి

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు చించి రాస్తున్నాను.

స్టేషనుకు పోయాను. వరంగల్ స్టేషన్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం చివరి బెంచీ. పొద్దున టిఫిన్ డబ్బాతో పోయి సాయంత్రం దాకా కూర్చుని ఊటీ గురించి రాసేవాణ్ని. ఇంట్లో పిల్లల గోల, సంఘంలో మగ్గాల చప్పుడు. అక్కడైతే ఎవరూ పలకరించరు. సెలవు అడగడానికి మరో కారణం చాలదు. జ్వరమంటే డాక్టరు చీటీ అడుగుతారు. అక్క పోయిందంటే ఎవరూ చీటీ అడగరు.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను, లేకపోతే నాకు నిద్ర పట్టదు. 1998లో నువ్వు చనిపోయిన రెండో రోజు, నేను బెంచీ మీద రాసుకుంటుంటే నెక్కొండ బండి వచ్చింది. అందులోంచి నువ్వు దిగావు. చేతిలో స్టీలు డబ్బా. నేను స్తంభం వెనక్కి పోయి దాక్కున్నాను. ఎందుకు దాక్కున్నానంటే ఏం చెప్పను, ఆ క్షణంలో నువ్వు చనిపోయినదానివే అనిపించింది. నువ్వు నా ముందునుంచే నడుచుకుంటూ పోయావు. మా ఇంటికి వెళ్లి, నేను లేనని తెలిసి, డబ్బా ఇచ్చి మధ్యాహ్నం బండికే తిరిగిపోయావు. అందులో సర్వపిండి ఉంది. రాత్రి తిన్నాను. ఒక్క ముక్క కూడా మిగల్చలేదు.

నిన్ను నాలుగుసార్లు చంపి సంపాదించుకున్న పన్నెండు రోజుల్లో రాసిందంతా తాలు సంచిలోనే ఉంది. నువ్వు చెప్పింది నిజమే. రాత్రి 'సోపానాలు' ఒక పుట నాకు నేనే గట్టిగా చదువుకున్నాను. పది వాక్యాలు దాటలేకపోయాను. నాకే ఆవలింత వచ్చింది.

మరి 1993 కాగితం రాయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. గేటు దగ్గర సైకిల్ సీటు మీద పెట్టి రాశాను. రాస్తుంటే ఏడుపొచ్చింది. అబద్ధం రాస్తూ ఏడవడమేమిటని సిగ్గుపడి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఉగాదినాడు హాలు ఉంది, జనం వస్తారు, పుస్తకం లేదు. నువ్వు ఒప్పుకుంటే ఆ కాగితమే చదువుతాను. ఒద్దంటే కిషన్ రావు గారికి ఒంట్లో బాగాలేదని కబురు పంపిస్తాను. ఈసారి నాకే.

నీ తమ్ముడు


నెక్కొండ
20 మార్చి

తమ్మీ,

గా రోజు సర్వపిండిల పల్లీలు ఎక్కువ ఏసిన, నీకిష్టమని. నువ్వు స్తంభం ఎనుక ఉంటివి. సదివినంక రెండు రోజులు నిన్ను తిట్టిన. మూడో రోజు మొగిలమ్మకు చెప్తె అది కిందవడి నవ్వింది. దాన్ని సూసి నాకు గూడ నవ్వొచ్చింది. ఏం జేస్తం.

సదువు. 1993దే సదువు. పామును తేకు. ఒక్క మాట గూడ అలంకారం కలపకు, కలిపినవో నేనొప్పుకోను. తర్వాత నిద్రవోయిన నెమలి సదువు, ఏడ్చినోళ్లు నవ్వుతరు.

నేను రాను. సచ్చినదాన్ని ముంగట కుర్చీల కూసుంటె మంచిగుండది. కాయ గూడ మస్తున్నది.

అక్క


కొత్తవాడ, వరంగల్
31 మార్చి

అక్కా,

నిన్న చదివాను.

ముందు కిషన్ రావు గారు పుస్తకం లేకుండా ఆవిష్కరణ ఎలాగని గొడవ పెట్టారు. చివరికి ముప్పై ఒక్క కాగితాలను రంగు కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, ఆవిష్కరించారు. విప్పగానే ముందు వరుస మొత్తం తుమ్మింది. మీ దుమ్ము ఇంకా పోలేదు. ఆయన 'అశ్రుసింధు సోపానాలు ఒక మహాద్భుతం' అని అరగంట మాట్లాడారు. నేను లేచి, అయ్యా అది కాదు, ఇది అని చెప్పి చదివాను.

మూత పెట్టలేదు అన్నచోట కిషన్ రావు గారు 'మహాద్భుతం' అనడం మరిచిపోయారు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది. అప్పుడు నాలుగో వరుసలోంచి భానుచందర్ గారు లేచారు. మా మేనేజరు. డెబ్బై రెండేళ్లు, చేతికర్ర. ఆయన వస్తారని నేను కలలో కూడా అనుకోలేదు.

"కట్టమ్మ మంచిగున్నదా?" అని అడిగారు.

"మంచిగున్నది సార్" అన్నాను. ఇంకేమనాలి?

"మీ అక్కకు సంఘంల నాలుగుసార్లు మౌనం పాటించినం. రెండేసి నిమిషాలు. మగ్గాలు ఆపి" అన్నారు. హాలంతా గొల్లుమంది. "రెండోసారికే నాకు ఎర్కైంది. నాలుగోసారైతె మౌనంల నవ్వాగలేక దగ్గిన."

"మరి సెలవెందుకిచ్చినరు సార్?" అన్నాను.

"ఇయ్యకపోతె నువ్వు రాసుడు బందుపెడ్తవ్ గదనయ్యా!" అన్నారు.

సంచిలోంచి ఒక ఫైలు తీశారు. నా సంజాయిషీలు. అసలు ప్రతులు. చిత్తులు నా దగ్గర ఉంటే, అసలువి ఆయన రిటైరవుతూ ఇంటికి తీసుకుపోయారట. ప్రతిదాని అంచున ఎర్ర సిరాతో ఏదో ఒకటి రాసి ఉంది. నెమలి దాని మీద 'భేష్, కాని కాలు గీయవలెను'. 2004 దాని మీద 'పాము నమ్మేటట్లు లేదు. సెలవు మంజూరు'. 2010 దాని మీద 'పాతదానికి నకలు. ఈయన ఇంతకంటె బాగా రాయగలరు. మంజూరు'. అక్షరాలా నువ్వన్న మాటలే. నాకు ఒక్కటీ చూపించలేదు. ఎందుకు చూపలేదు సార్ అంటే, చూపిస్తే నౌకరి తీయాల్సొచ్చేదన్నారు.

అంటే అన్నేళ్లూ నన్ను చదివిన మనిషి ఒకాయన పక్క గదిలోనే ఉన్నాడు. నేను స్టేషనులో కూర్చుని ఊటీలో పాఠకుల్ని వెతుక్కున్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను. సంతోషమో బాధో తెలియలేదు. ముక్కు కూడా చీదాను.

రెండు రోజులకు రా అక్కా. భానుచందర్ గారు నిన్ను చూస్తానంటున్నారు. నాకూ చూడాలని ఉంది. బతికున్న నిన్ను చూసి చాలా రోజులైంది.

నీ తమ్ముడు,
సారంగం


నెక్కొండ
7 ఏప్రిల్

తమ్మీ,

నీ ఉత్తరం కల్లంల సదివి ఇనిపించిన. గా మేనేజరు జవాబిచ్చిండని మొగిలమ్మ చప్పట్లు కొట్టింది.

వద్దామంటె మహిపాల్ పోనిస్తలేడు. మబ్బు వడ్తాంది, కాయ తడుస్తదని ఆయన ఫికర్. ఆడోళ్లందరు నన్ను పట్టుకున్నరు. "నీ తమ్ముని లెక్కనే ఒక కాయితం రాయి. తమ్ముడు సచ్చిపోయిండని రాయి. నిన్ను నాలుగుసార్లు సంపిండు, నువ్వొక్కసారన్న సంపవా?" అన్నరు. నాకు గూడ గది మంచిగనే అనిపిచ్చింది. బదులు తీర్తదనుకున్న.

కాయితం తీసుకొని కూసున్న. "మా తమ్ముడు సారంగపాణి" అని రాసిన. గంతే. ఇగ పెన్ను నడువలే. జ్వరమని రాద్దామనుకున్న, నీకు చిన్నప్పుడు జ్వరమొస్తె నా కొంగు పట్టుకొని ఇడిసిపెట్టకపోతుంటివి, గది యాదికొచ్చింది. కొట్టేసిన. బండి గుద్దిందని రాద్దామనుకున్న, నీ చెప్పులు రోడ్డు మీద పడ్డట్టు కనవడ్డది. మళ్ల కొట్టేసిన. నాలుగు కాయితాలు ఖరాబు చేసిన తమ్మీ, ఒక్కదాంట్ల గూడ నువ్వు సావలే.

నువ్వెట్ల రాసినవ్‌రా? అబద్ధమని ఎర్కే ఉండి గూడ, ఏడుసుకుంట, ఎట్ల రాసినవ్? నా చాతగాలే. నువ్వడిగితివి గద, రచయితనా కాదా అని. నాకైతె ఇప్పుడు ఎర్కైంది. నువ్వే. నేను గాను.

కాయితాలు పొయ్యిల వెట్టి మహిపాల్ కాడికి పోయిన. "నా తమ్ముని చూడబుద్ధయితాంది, రెండు రోజులు పోయొస్త" అన్న. ఆయన నా మొకం సూసి, పొమ్మన్నడు.

శుక్రవారం పొద్దుగాల బండికి వస్తాన.

అక్క